చెరిపేసిన గొంతు

ఆఫ్రీన్ చనిపోయి నెల దాటాక, ఒక మధ్యాహ్నం బడి కంప్యూటర్ ల్యాబులో ఆమె గొంతు వినిపించింది.

అన్నాల గంట అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలు అప్పుడే వచ్చి కూర్చున్నారు. ముసురు పట్టి ఉండటంతో కిటికీలన్నీ మూసేశారు. గదిలో తడిసిన బట్టల వాసన. కంప్యూటర్ టీచర్ శోభారాణి ఇంకా రాలేదు. ముందు వరుసలో కూర్చున్న స్నేహలత అందరికీ ఉమ్మడిగా ఉండే ఫోల్డర్ తెరిచింది. అందులో కొత్త ఫైలు ఒకటి ఉంటే, మేడం పెట్టిందేమో అనుకుని నొక్కింది. స్పీకర్లోంచి ముందు గాలి ఊదినట్టు చప్పుడొచ్చింది. తర్వాత, లోతు బావిలోంచి పిలిచినట్టు, సాగి సాగి ఒక ఆడపిల్ల గొంతు.

"అమ్మీ... తలుపు తియ్యి... తడుస్తాన... అమ్మీ..."

ఫైలు పెట్టినవాళ్ల పేరు దగ్గర ఆఫ్రీన్ అని ఉంది. తేదీ ఆ రోజుదే.

స్నేహలత ఆరో తరగతి నుంచీ ఆఫ్రీన్ పక్కనే కూర్చున్న పిల్ల. ఆ గొంతు ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కుర్చీ వెనక్కి పడేసి పరుగెత్తింది. గడప తట్టుకుని పడితే, గడ్డం నేలకు కొట్టుకుని గదవ పగిలింది. మిగతా పిల్లలు ఒకరినొకరు పట్టుకుని వరండాలోకి ఉరికారు. గదిలో ఆ గొంతు మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

వెనక వరుసలో ఒక్క పిల్లవాడు మాత్రం లేవకుండా నవ్వాడు. స్నేహలత గదవ మీది నెత్తురు చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

అది చేసింది ఆ పిల్లవాడే. పేరు మధు. కాశిబుగ్గలో ఉంటాడు. తండ్రి సదానందం మగ్గం మీద, నేల మీద పరిచే జంపఖానాలు నేస్తాడు. ఆఫ్రీన్ వాళ్ల ఇల్లు రెండు సందుల అవతల.

ల్యాబులో కంప్యూటర్లన్నీ వైర్లతో మూలనున్న ఒక పెద్ద కంప్యూటర్‌కు కలిపి ఉంటాయి. పిల్లలకు ఎవరి పేరు వాళ్లకు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు, ఎవరి ఫోల్డర్ వాళ్లకు ఉంది. మొదటి క్లాసులోనే శోభారాణి చెప్పింది. "ఫోల్డర్ అంటె మీ ఇంట్ల అర్ర లెక్క. పక్కింటోళ్ల అర్రల్ల చెప్పకుంట జొరబడ్తరా? ఇది గూడ గంతే." పిల్లలంతా తలూపారు. వారం తిరిగేసరికి సగం మందికి సగం మంది పాస్‌వర్డులు తెలుసు.

వానాకాలం మొదట్లో ఆమె పిల్లలకు ఒక పని ఇచ్చింది. ప్రతి ఒక్కరూ మైకు ముందు కూర్చుని తమ వాడ గురించి మాట్లాడి రికార్డు చేయాలి. ఆఫ్రీన్ రికార్డు చేసింది కానీ పంపక ముందే జ్వరం వచ్చి ఇంట్లో పడింది. అప్పుడు మధుకు ఫోన్ చేసింది. "రేపే ఆఖరంట గదరా. జర నా పేరుతోని పోయి సబ్‌మిట్ చెయ్యి. పాస్‌వర్డ్ చెప్త. మేడంకు చెప్పకు, తిడ్తది." మధు అలాగే చేశాడు. తర్వాత ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. డెంగీ అన్నారు. ఇంటికి రాలేదు.

ఆ పాస్‌వర్డ్ మధు మనసులో అలాగే ఉండిపోయింది. ఒకరోజు ల్యాబులో తన పని అయిపోయాక, ఎవరూ చూడకుండా ఆమె పేరుతో తెరిచాడు. నిజానికి ఆమె గొంతు వినాలనే తెరిచాడు. ఆమె తన సందు గురించి, మిషన్ కుట్టే తల్లి గురించి, వానలో బడి నుంచి పోయి గుమ్మం ముందు నిలబడి ఎలా అరుస్తుందో దాని గురించి, నవ్వుతూ చెబుతోంది. రెండుసార్లు విన్నాడు. మూడోసారి వింటూ, ఊరికే, గొంతు నెమ్మది చేసి చూశాడు. అది ఆఫ్రీన్‌లా లేదు. అక్కడక్కడా కోసి, నవ్వు తీసేసి, పిలుపు మాత్రం ఉంచాడు. వెనక గాలి చప్పుడు కలిపాడు. వింటే తన ఒళ్లే జలదరించింది. ఇది వింటే అందరూ ఎంత బెదురుతారో అనిపించింది. అలా అనిపించాక ఇక ఆగలేకపోయాడు.

సాయంత్రానికి ఆ గొంతు బడి దాటిపోయింది. పరుగెత్తిన పిల్లల్లో ఎవరో మళ్లీ తలుపు దగ్గరకొచ్చి దాన్ని ఫోన్‌లో రికార్డు చేశారు. బడికి ఫోన్లు తేవొద్దని ఉన్నా బ్యాగుల్లో ఉంటూనే ఉంటాయి. గ్రూపుల్లో తిరిగి తిరిగి, పొద్దుగూకేసరికి కాశిబుగ్గ సందుల్లో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని వింటున్నారు. కింద 'బడిల దయ్యం' అని రాసి ఉంది.

మర్నాడు పొద్దున ఆఫ్రీన్ తల్లి అనీస్ బేగం బడికి వచ్చింది. భర్త అహ్మద్ గేటు బయట తన ఆటో దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆమె ఎవరి మీదా కోపంగా లేదు. చున్నీ తల మీద సర్దుకుంటూ, ఆఫీసుకు కాదు, నేరుగా ల్యాబుకే వచ్చింది. అప్పుడు తొమ్మిదో తరగతే ఉంది అక్కడ.

"మేడం, నా బిడ్డ ఏ మిషన్ల మాట్లాడ్తాంది? జర చూపెట్టుండ్రి."

శోభారాణి ఆమెకు ఎదురొచ్చింది. "అక్కా... అది కాదమ్మా... అది ఎవలో పోరగాండ్లు..."

"పక్కింటామె ఫోన్ల వినిపిచ్చింది. నా బిడ్డె. నేను గుర్తు పట్టనా మేడం? తలుపు తియ్యుమంటాంది. రాత్రి గొళ్లెం పెట్టలే నేను. తలుపు దగ్గర్నే కూసున్న. వాన కొడ్తనే ఉండె. ఆయన లోపలికి రమ్మంటె గూడ పోలే."

ఆమె ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, మానిటర్ మీద అరచేయి పెట్టింది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూసింది.

"మల్ల ఎప్పుడొస్తది మేడం? టైము చెప్పుండ్రి. వచ్చేదాంక ఇక్కడ్నే కూసుంట."

మానిటర్ మీది ఆమె చేతినే మధు చూస్తున్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఆమె రోజూ వస్తుంది, అదే కుర్చీలో కూర్చుంటుంది. ఇవాళ సాయంత్రం కూడా ఆ ఇంటి తలుపు తీసే ఉంటుంది. అతను లేచి నిలబడ్డాడు.

"ఆంటీ, అది ఆఫ్రీన్ కాదు. నేనే చేసిన."

ఆమె తల తిప్పి చూసింది. అర్థం కాలేదు. "గొంతు నా బిడ్డది కాదా?"

"గొంతు ఆమెదే. బతికున్నప్పుడు మాట్లాడింది. నేను కోసి, అతికిచ్చిన. అందర్ని బెదిరిద్దామని."

"కోసినవా?" అంది అనీస్ బేగం. పిల్లలు ఆమె అరుస్తుందని, కొడుతుందని ఎదురుచూశారు. చివరికి చిన్న గొంతుతో అడిగింది. "కొయ్యనిది ఉన్నదా, బేటా? అది వినిపియ్యి. నాకు గంతే చాలు."

మధు గబగబా వచ్చి ఆఫ్రీన్ ఫోల్డర్ తెరిచాడు. ఒక్కటే ఫైలు ఉంది. నొక్కాడు. గాలి చప్పుడు, బావిలోంచి పిలుపు. ఇంకెక్కడైనా ఉందేమోనని వెతికాడు. తను పంపిన చోట చూశాడు. అక్కడ వేరే కాపీ లేదు, ఈ ఫైలునే తెరిచే లింకు ఒకటి ఉంది. అప్పుడు తెలిసింది, కోసి అతికించినదాన్ని పాత పేరుతోనే, పాతదాని మీదే సేవ్ చేశానని. నవ్వు ఉన్నది, తల్లి గురించి చెప్పింది, సందు గురించి చెప్పింది, అంతా దాని కింద పోయింది.

"లేదు ఆంటీ," అన్నాడు. ఇక ఏడుపు ఆగలేదు.

ఆమె మాత్రం ఏడవలేదు. "గట్లనా," అంది. తన ఫోన్ తీసి శోభారాణికి ఇచ్చింది. "అయితె గిదే ఇయ్యుండ్రి మేడం. ఎట్లున్నా నా బిడ్డదే కద."

హెడ్మాస్టర్ రాజేశ్వర్ రావు సదానందాన్ని పిలిపించాడు. పిల్లవాణ్ని బడి నుంచే తీసేస్తానన్నాడు. సదానందం ఆఫీసు వరండాలోనే కొడుకు మీద చెయ్యెత్తితే, మెట్లు దిగుతున్న అనీస్ బేగం చూసి, "కొట్టకు అన్నా. కొడితె వస్తదా?" అనేసి వెళ్లిపోయింది. శోభారాణి హెడ్మాస్టర్‌ను బతిమాలింది. తప్పులో తన పాలు కూడా ఉందని చెప్పింది. పోయిన పిల్ల పేరు కంప్యూటర్లో మూసేయడానికి తనకే చేయి రాలేదు, అందుకే అది అలా తెరిచి ఉండిపోయింది. చివరికి మధును బడిలో ఉండనిచ్చారు కానీ కంప్యూటర్ ముట్టుకోవద్దన్నారు. మూలనున్న పెద్ద కంప్యూటర్‌ను బాగుచేసే మనిషిని హనుమకొండ నుంచి పిలిపించి చూపిస్తే, ఒక పూటంతా కూర్చుని, పోయింది పోయినట్టే అన్నాడు.

కోసిన గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. బడిలో తీసేసినా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. నెక్కొండ నుంచి మధు మేనత్త ఫోన్ చేసింది. "మా దిక్కు ఇస్కూల్ల దయ్యమట రా. వాన పడ్డప్పుడు పిలుస్తాందట. పిల్లలు బడికి పోనంటాండ్రు." వినిపిస్తానంది. వద్దన్నా వినిపించింది. మరోసారి ఎవరో పంపినదాని కింద కేసముద్రం బడి అని రాసి ఉంది. మధుకు అన్నం సయించడం మానేసింది. తండ్రి మగ్గం చప్పుడు వింటుంటే దాని మధ్యలో పిలుపు వినిపించేది. చూరు నీళ్లు కారుతుంటే దానిలో కూడా. దయ్యాలు లేవని అతనికి తెలుసు. దీన్ని తనే తయారుచేశాడని కూడా తెలుసు. అయినా వాన మొదలైతే లేచి పోయి తలుపు తీసి బయటకు చూసేవాడు.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు చివరి గంట అయ్యాక శోభారాణి అతన్ని ల్యాబుకు పిలిచింది. పిల్లల రికార్డింగులు విని మార్కులు వేస్తోంది. హెడ్‌ఫోన్స్ అతని చేతికిచ్చింది.

"ఇది నీదే. నువ్వు మాట్లాడిందే. విను."

తన గొంతు తనకే వింతగా వినిపించింది. 'మా వాడ కాశిబుగ్గ. మా నాయిన మగ్గం మీద... మగ్గం మీద...' మాట తట్టక ఆగిపోయాడు. ఆ ఆగిన చోట, వెనక నుంచి, మెల్లగా, గుసగుసగా ఇంకో గొంతు: 'జంపఖాన రా, మొద్దూ.' వెంటనే నోటికి చేయి అడ్డం పెట్టుకున్న నవ్వు.

మధు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఖాళీ కుర్చీలు. ఆ గొంతు మెడ దగ్గరే, ఊపిరి తగిలేంత దగ్గరగా ఉంది. గాలి చప్పుడు లేదు. బావి లేదు. ఆఫ్రీనే.

"ఆ వారం అందరు ఇదే గదిల రికార్డు చేసిండ్రు," అంది శోభారాణి. "ఒగలు మైకు ముంగట ఉంటె తక్కినోళ్లు వెనక కూసునే ఉన్నరు."

"అయితె మిగితా వాళ్ల రికార్డింగులల్ల గూడ ఉంటది మేడం! అన్ని వింట. ఇప్పుడే వింట."

"ఆగు." ఆమె హెడ్‌ఫోన్స్ తీసుకుంది. "అన్ని నా దగ్గరున్నయి. తెరిస్తె ఎవలు అడుగరు. కాని వాళ్లు నాకు మార్కుల కోసం ఇచ్చిండ్రు, నీకు వినిపియ్యమని ఇయ్యలే. నువ్వొకసారి అడగకుంట తెరిచినవ్. ఈసారి ఒక్కొక్కలని అడుగు. సరే అన్నోళ్లయి విందాం. నా ముంగటనే. పెద్దసారుకు నేను చెప్త."

తనతో మాట్లాడటమే మానేసిన తరగతిలో, మధు ఒక్కొక్కరి దగ్గరకూ పోయాడు. కొందరు వెంటనే సరే అన్నారు. కొందరు "ఇంకో దయ్యాన్ని తయారు చేస్తవా?" అని ఎగతాళి చేసి, ఆ తర్వాత సరే అన్నారు. సమ్మమ్మ అనే పిల్ల అతన్ని పక్కకు పిలిచి, "నాది వినకురా. మా ఇంట్ల లొల్లి గురించి చెప్పిన అండ్ల. మేడం ఒక్కామె వింటది కదా అని చెప్పిన," అంది. మధు సరేనన్నాడు. అందులో ఆఫ్రీన్ ఉందో లేదో అతనికి ఎప్పటికీ తెలియదు.

స్నేహలత గదవ మీద పట్టీ తీసేశారు కానీ మచ్చ ఉంది. అతను నోరు తెరవకముందే అంది: "నాది ముట్టుకోకు. నువ్వు ముట్టుకుంటె అది గూడ దయ్యమైతది."

అతను తిరిగి వచ్చేశాడు.

సాయంత్రాలు బడి ఖాళీ అయ్యాక ల్యాబులో కూర్చునేవాడు. శోభారాణి పక్కన పేపర్లు దిద్దుకునేది. హెడ్‌ఫోన్స్‌లో పిల్లలు తమ వాడల గురించి చెప్పేవాళ్లు. మార్కెట్‌కు పోయే పత్తి ట్రాలీలు, నల్లా నీళ్ల దగ్గర కొట్లాటలు, దర్గా దగ్గర అమ్మే మిఠాయిలు. ఆ మాటల వెనక, కుర్చీలు జరిపే చప్పుళ్ల వెనక, ఫ్యాను శబ్దం వెనక అతను వెతికేవాడు. ఎంతసేపటికో దొరికేది. 'నిమ్మళంగ చెప్పు, ఎవలు తరుముతాండ్రు నిన్ను?' ఇంకొకరి దాంట్లో, 'మైకు ఆన్ చెయ్యనే లేదు, పిచ్చోడు!' ఒక దాంట్లో మాటల్లేవు. చిన్నగా కూనిరాగం మాత్రం ఉంది. అది ఆమెదేనని చెప్పడానికి చాలాసార్లు వినాల్సి వచ్చింది.

పోయిన మనిషి ఎక్కడో దూరాన లేదు. ప్రతి ఒక్కరి వెనకా కూర్చుని ఉంది. ఎవరూ ఆమె వైపు తిరగడం లేదు. అది అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత దగ్గు మొదలైంది. తొలి రోజుల రికార్డింగుల్లో లేదు. వారం మధ్యలో ఒకరి మాటల వెనక పొడిగా దగ్గు. మరుసటి రోజుది తెరిస్తే ఇంకొంచెం ఎక్కువ. ఎవరో 'ఏమైందే?' అని అడిగారు. 'ఏం లే, జర చలి పెడ్తాంది' అంది ఆఫ్రీన్. మైకు ముందున్న పిల్లవాడు తమ సందులోని కుక్కల గురించి హుషారుగా చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాతి రోజు రికార్డింగుల్లో ఆమె లేదు. మధు ఎంత వెతికినా కుర్చీల చప్పుళ్లే ఉన్నాయి.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. గది నిశ్శబ్దంగా ఉంది. వెనక నుంచి దగ్గు వినిపించింది.

"మేడం, మీరు దగ్గిండ్రా?"

శోభారాణి ఎర్ర పెన్ను ఆపింది. "లేదు," అంది. కాసేపు ఇద్దరూ ఖాళీ కుర్చీల వైపు చూశారు. ఆమె లేచి కిటికీలన్నీ తెరిచింది. "ఇయ్యాల్టికి చాలు. ఇంటికి పో," అంది. ఆమె గొంతులో కూడా ధైర్యం లేదు.

దొరికినవాటిలో మధు ఒక్క ముక్క కూడా కోయలేదు. ఆఫ్రీన్ మాట ఒక్కటే ఉన్నా, ముందూ వెనకా ఉన్నదంతా అలాగే ఉంచాడు. వాటిని ఆఫ్రీన్ తల్లికి ఇవ్వడానికి ఆ పిల్లల్ని శోభారాణి మళ్లీ అడిగింది. వాళ్లు సరే అన్నాకే అనీస్ బేగంకు కబురు పంపింది.

ఆమె ఈసారి భర్తను కూడా లోపలికి తీసుకొచ్చింది. అహ్మద్ కుర్చీలో కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మధు ఏది ఎవరి రికార్డింగో, ఎక్కడ వినాలో చెప్పి వినిపించాడు. మొదట ఆమెకు ఏమీ అందలేదు. వేరే పిల్లల మాటలే వినిపించి, ముఖం చిన్నబుచ్చుకుంది. "వెనక వినుండ్రి ఆంటీ. ఇప్పుడొస్తది," అన్నాడు మధు. 'జంపఖాన రా, మొద్దూ' దగ్గర ఆమె చేయి ఛాతీ మీదికి పోయింది. ఆ తర్వాత ఇక ఎక్కడ వినాలో చెప్పాల్సిన పని లేకపోయింది. అతను వినలేకపోయిన చోట్ల కూడా ఆమె వింది. ఒకచోట ఆపమని, "గా గాజుల చప్పుడు దానిదే," అంది. అక్కడ గాజులున్నాయని మధుకు తెలియనే తెలియదు.

దగ్గు ఉన్న రికార్డింగుల్ని వినిపించాలా వద్దా అని మధు ఆగాడు. ఉన్న సంగతి చెప్పాడు. అప్పటిదాకా మాట్లాడని అహ్మద్, "అవి పెట్టకు బేటా," అన్నాడు. అనీస్ బేగం భర్త వైపు చూసింది. "నేను ఇంటికి పొయినంక వింట. మీరు లేనప్పుడు," అంది.

అప్పుడు స్నేహలత తలుపు దగ్గర కనిపించింది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఎవరికీ తెలియదు. మధు వైపు చూడకుండా లోపలికొచ్చి, ఇంకో కంప్యూటర్ దగ్గర కూర్చుని, తన పేరు, తన పాస్‌వర్డ్ తనే కొట్టింది.

"ఆంటీ, నాది నేనే వినిపిస్త. అయిపోయినంక బంద్ చేసుడు మర్సిపోయిన. ఇద్దరం ముచ్చట పెట్టినం అండ్ల."

హెడ్‌ఫోన్స్ పెట్టకుండా స్పీకర్లోనే పెట్టింది. వాడ గురించి చెప్పడం అయ్యాక కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆఫ్రీన్, ఈసారి వెనక నుంచి కాదు, మైకు పక్కనుంచే: 'మా అమ్మీకి కోపమొస్తె నోటితోని ఏమనదే. మిషన్ జోర్జోర్గ తొక్కుతది. దారం తెగుతది. దారం తెగిందని మల్ల కోపం. గప్పుడు మా అబ్బా సప్పుడు చెయ్యకుంట ఆటో తీసుకోని పోతడు.' ఇద్దరు పిల్లల నవ్వు. ఆ నవ్వు ఆగి, మళ్లీ మొదలై, ఎందుకు నవ్వుతున్నారో మరిచిపోయినట్టు సాగింది.

గోడకు ఆనుకున్న అహ్మద్ నోటి నుంచి నవ్వులాంటి చప్పుడొకటి వచ్చి మధ్యలో విరిగింది. అనీస్ బేగం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పిల్లలకు తెలియలేదు. చాలాసేపటికి చున్నీ తీసి, తన ఫోన్ మధు ముందు పెట్టింది.

"గప్పుడు ఇచ్చిండ్రే, గాలి చప్పుడుది. అది తీసెయ్యి. అది నా బిడ్డ కాదు."

"నిజంగ తియ్యాల్నా ఆంటీ? తీస్తె మల్ల రాదు."

"తియ్యి."

తీసేశాడు. శోభారాణి ఆఫ్రీన్ పేరు మూసేస్తానని, దాంతో ఇక ఎవరూ లోపలికి పోలేరని చెప్పి, తల్లిదండ్రులు తలూపాకే మూసేసింది. ఆ రోజు నుంచి పిల్లలు ఒకరి పాస్‌వర్డ్ ఒకరు అడగడం మానేశారంటే అబద్ధమే అవుతుంది. కానీ అడిగినప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. స్నేహలత మధుతో ఆ ఏడాదంతా మాట్లాడలేదు. ఫోన్లలో తిరిగే గొంతు ఇంకా తిరుగుతూనే ఉంది. ఈ మధ్య ఏదో పేరు తెలియని జిల్లాలో, పాడుబడ్డ బంగళాలో దొరికిందని ఎవరో పంపారు. మధు దానికింద 'ఇది దయ్యం కాదు, ఒక అమ్మాయి గొంతు, దయచేసి పంపొద్దు' అని రాశాడు. ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. అతను మళ్లీ రాశాడు. ఎక్కడ కనిపిస్తే అక్కడ రాస్తూనే ఉన్నాడు.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడినప్పుడు, ఒక మధ్యాహ్నం సైకిల్ మీద పోతున్న అతన్ని అనీస్ బేగం గుమ్మంలోంచి కేకేసింది. ఆ ఇంటి లోపలికి పోవడం అతనికి అదే మొదటిసారి. కుట్టు మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది.

"ఫోన్ నిండిపోయిందట బేటా. ఏదన్న తియ్యమని ఊకె అడుగుతాంది. నాకు బుగులైతాంది. ఏం ఒత్తితె ఏం పోతదో. నువ్వు చూడు."

మధు చేతులు వెనక్కి తీసుకున్నాడు. "వేరేటోళ్లకు చూపెట్టుండ్రి ఆంటీ. నేను వద్దు."

"వేరేటోళ్లకు ఇది ఏందో తెల్వదు. నీకు ఎరుకే కద," అంది ఆమె.

అతను కూర్చున్నాడు. ఒక్కొక్కటీ చూపించి అడిగాడు. పండుగ శుభాకాంక్షల బొమ్మలు తీయాల్నా? తీయి. మీ తమ్ముడు పంపిన పెళ్లి వీడియో? ఉంచు. ఇది? తీయి. ఆఫ్రీన్‌వి ఉన్న చోటు రాగానే చేయి తీసేసి, ఆమెనే పక్కకు జరపమన్నాడు. మధ్యలో ఫోన్ తెర ఆరిపోయి తాళం పడింది.

"చెప్త, కొట్టు," అంటూ ఆమె నంబరు చెప్పబోయింది.

"వద్దు ఆంటీ, చెప్పకుండ్రి. మీరే కొట్టుండ్రి. నేను అటు చూస్త."

లేచి, గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. బయట సందులో ఎండ తెల్లగా కాస్తోంది. వెనక ఆమె వేళ్లు తెర మీద తడుముకుంటున్న చప్పుడు. ఎక్కడ తగిలిందో, ఏది తెరుచుకుందో, అతని వీపు వెనక, చాలా దగ్గర నుంచి, ఆఫ్రీన్ ఎవరితోనో అంటోంది: 'నిమ్మళంగ చెప్పు, ఎవలు తరుముతాండ్రు నిన్ను?'

ఆమె దాన్ని ఆపలేదు. అతను వెనక్కి తిరగలేదు.